బుజ్జి వాళ్ల కారు మీద దుప్పటి

పిచ్చుక అప్పటికే సగం కారు తుడిచేసింది. అది నాన్న డ్రైవింగు నేర్పే కారు. నేర్చుకునేవాళ్లంతా దాన్ని గోడకో స్తంభానికో తగిలించి పోతుంటారు. సొట్టల్లో దుమ్ము పేరుకోకుండా పాత దుప్పటితో రోజూ తుడవడం పిచ్చుక పని. పిచ్చుక అన్నది నాన్న పెట్టిన ముద్దుపేరు. ఎప్పుడు చూసినా గోడెక్కి కూర్చుంటుంది మరి.

పక్కింటి ముందు కొత్త కారు ఆగి ఉంది. పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కారు. దాని కప్పు మీద నల్లటి సోలార్ పలక అద్దంలా మెరుస్తుంది. అది వచ్చిన రోజు నుంచీ పిచ్చుకకు కడుపులో ఒకటే మంట.

పక్కింటి బుజ్జి అట్టపెట్టె పట్టుకుని బయటికి వచ్చింది. పెట్టెలో మైనంతో చేసిన హంస ఉంది. మధ్యాహ్నం బొమ్మల పోటీకి తీసుకెళ్లాలి.

"ఇంట్లో ఉంచితే తమ్ముడు దీన్ని బతకనివ్వడు. కారులో పెడుతున్నా."

"ఎండకు కరిగిపోదూ?" అంది పిచ్చుక.

కరగదంటూ బుజ్జి చెప్పుకొచ్చింది. పైనున్న పలక మీద ఎండ పడితే కరెంటు పుడుతుందట. దాంతో కారు ఆపేసి ఉన్నా లోపల ఫ్యాను తిరుగుతుందట. అది ఏసీలా చల్లబరచదట. లోపలి వేడిగాలిని బయటికి తోసేసి, బయటి గాలిని లోపలికి లాగుతుందట. ఒకసారి ఆగిపోతే మాత్రం మళ్లీ స్విచ్చి నొక్కాల్సిందేనట.

బుజ్జి కారు తలుపు తీసి ఫ్యాను స్విచ్చి నొక్కింది. "లోపల చెయ్యి పెట్టి చూడవే, గాలి తెలుస్తుంది."

పిచ్చుక చెయ్యి పెట్టలేదు. "మా కారుకి కిటికీలున్నాయిలే," అంది.

బుజ్జి నవ్వింది. అందులో వెక్కిరింపేమీ లేదు. అయినా పిచ్చుకకు ముల్లులా గుచ్చుకుంది. పిచ్చుక వాళ్ల కారులో సీటు పెనంలా కాలుతుంది. మొన్న ఒకాయన ఇలా కూర్చుని అలా లేచి, "ముందు నన్ను వేయించి, ఆ తర్వాత గేర్లు నేర్పుతారా?" అన్నాడు. నాన్న కూడా నవ్వేశాడు. పిచ్చుకకు మాత్రం నవ్వు రాలేదు.

బుజ్జి పెట్టెను సీటు మీద పెట్టి, కారు తలుపు మూసి, లోపలికి వెళ్లిపోయింది. వీధిలో ఎవరూ లేరు. పిచ్చుక దుప్పటి దులిపి ఆ కారు కప్పు మీద పరిచేసింది. ఒక్కరోజు వాళ్ల వీపులూ కాలాలి, అంతే అనుకుంది. హంస సంగతి ఆమెకు తట్టనే లేదు. సన్నగా వినిపిస్తున్న ఫ్యాను చప్పుడు ఆగిపోయింది.

అమ్మ అన్నానికి పిలిచినప్పుడు పిచ్చుక దుప్పటి తీసి, ఏమీ ఎరగనట్టు గోడ మీద వేసి వెళ్లింది.

రెండు ముద్దలు తిన్నదో లేదో, బయట ఏడుపు వినబడింది. పిచ్చుక కిటికీలోంచి చూసింది. బుజ్జి చేతిలో పెట్టె ఉంది. హంస మెడ వాలిపోయి రెక్కకు అతుక్కుంది. బుజ్జి వాళ్ల నాన్న కారు అమ్మినవాళ్లను తిట్టిపోస్తున్నాడు. ఏమైందోనని పిచ్చుక నాన్న కూడా వెళ్లాడు. పలక మీద నీడ గానీ పడిందేమో అన్నాడు. ఇక్కడ నీడెక్కడిదండీ అన్నాడాయన.

బుజ్జి ముక్కు తుడుచుకుంది. "కారుని తిట్టకు నాన్నా. నేనే స్విచ్చి సరిగ్గా నొక్కలేదేమో."

"నీకెన్నిసార్లు చెప్పాను?" అని ఆయన కోపం కూతురి మీదికి మళ్లింది. బుజ్జి తల దించుకుంది. ఆ హంసలాగే.

బుజ్జి స్విచ్చి నొక్కడం పిచ్చుక కళ్లారా చూసింది. ఇన్నాళ్ల కడుపుమంట ఒక్కసారిగా చల్లారిపోయింది. చేతిలోని ముద్దను కంచంలోనే వదిలేసింది.

కంచం ముందు నుంచి లేచి చేయి కడుక్కుంది. కరెంటు పోతే వెలిగించడానికి అమ్మ దాచిన కొవ్వొత్తులన్నీ అలమరలోంచి తీసుకుంది. మైనమే కదా. పోటీకి ఇంకా కాస్త టైముంది. తర్వాత గోడ మీది దుప్పటి కూడా తీసి భుజాన వేసుకుంది.

"ఆ మురికి దుప్పటేసుకుని ఎక్కడికే, ఇంత ఎండలో?" అంది అమ్మ.

"బుజ్జి వాళ్ల నాన్నకి ఆ నీడెక్కడిదో చెప్పాలి," అంటూ పిచ్చుక గేటు తీసుకుని బయటికి నడిచింది.