తాళంచెవి కుండీ కింద

అమ్మ తప్పిపోయిన రోజు కూడా మామూలుగానే తెల్లవారింది. అక్క ఆమెకు తల దువ్వి, కాఫీ ఇచ్చి, మేడ మీద తన కుట్టుపని గదిలోకి వెళ్ళింది. మిషన్ మోటారు హోరులో కింద తలుపు తీసిన అలికిడి వినపడలేదు. మధ్యాహ్నం దిగి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. వీధులన్నీ గాలిస్తే, సాయంత్రానికి ఒకప్పటి టెలిఫోన్ ఎక్స్ఛేంజి మెట్ల మీద దొరికింది. ఇప్పుడది సోఫాలు అమ్మే దుకాణం. ఆ దుకాణం వాళ్ళు పాపం మంచినీళ్ళిచ్చి నీడన కూర్చోబెట్టారు. డ్యూటీకి వేళైనా లోపలికి రానివ్వడం లేదని అమ్మ వాళ్ళ మీదే ఫిర్యాదు చేసింది.

ఆ ఎక్స్ఛేంజిలో అమ్మ ఆపరేటరుగా పనిచేసింది. పిల్లలకు ఊహ తెలియకముందే నాన్న పోతే, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ఊరందరి మాటలూ కలుపుతూ అక్కనూ తమ్ముణ్ణీ పెంచింది. ఇప్పుడు ఆ తలలోనే ఒక్కో తీగా తెగిపోతోంది. ఈ మధ్య కూతుర్ని కూడా మేడ మీద అద్దెకున్న మనిషనుకుని టైలరమ్మా అని పిలుస్తోంది. మొదట్లో అక్క దిద్దేది. తరువాత ఆ పిలుపుకు పలకడం అలవాటు చేసుకుంది.

తప్పిపోయిన మర్నాటి నుంచి గేటుకు తాళం పడింది. బట్టలు కుట్టించుకునేవాళ్ళు వీధిలో నిలబడి కేకేస్తే, అక్క కిటికీలోంచి గుడ్డసంచీలో తాళంచెవి వేసి తాడుతో కిందికి దించేది. ఇరుగుపొరుగు ఆ తాడునూ తాళాన్నీ చూసి ముక్కున వేలేసుకున్నారు. తమ్ముడికి మందుల కంపెనీలో ఊళ్ళు తిరిగే ఉద్యోగం. వాడు వచ్చి ఆ తాళం చూసి, అమ్మను ఖైదీని చేశావని నొచ్చుకున్నాడు. మళ్ళీ వచ్చినప్పుడు ఒక పెట్టె తెచ్చాడు. అందులో కెమెరా, తలుపుకు అతికించే సెన్సరు ఉన్నాయి. తలుపు తెరుచుకోగానే ఫోన్ మోగుతుంది, అప్పుడిక తాళంతో పనిలేదన్నాడు. రౌటరుతో పాటు కెమెరానూ ముందుగదిలో పాత బల్ల దగ్గరి స్విచ్చుబోర్డుకే తగిలించాడు.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఇంకో మాట కూడా అన్నాడు. నెలాఖరులోగా ఇది కుదరకపోతే అమ్మను వృద్ధాశ్రమంలో చేర్పిద్దాం, ఒకటి చూసి వచ్చాను, నర్సులున్నారు, శుభ్రంగా ఉంది అని.  కొత్తచోట అమ్మ తన పేరైనా నిలుపుకోలేదని అక్కకు తెలుసు.

గేటుకు తాళం అలాగే ఉంది, పైగా అప్పటినుంచి ఆ కెమెరా అక్క ప్రాణం తోడేసింది. ఉదయం బాగానే ఉండేది. భోజనాల వేళ దాటాక తమ్ముడి ఫోనుకు అది ఆగిపోయిందని కబురు వెళ్ళేది. ఖాతా వాడిదే కాబట్టి కబుర్లన్నీ వాడికే. వాడు ఏ డాక్టరు గుమ్మం ముందో నిలబడి అక్కకు ఫోన్ చేసేవాడు. అక్క చేతిలో జాకెట్టు వదిలేసి దిగి వస్తే, అమ్మ కుర్చీలో కూర్చుని ఉండేది, పైన ఫ్యాను తిరుగుతుండేది, రౌటరు దీపాలు మిణుకుమంటుండేవి. కెమెరా మాత్రం ఎర్రకన్ను ఆర్పుతూ వెలిగిస్తూ, నువ్వెవరో నాకు తెలియదన్నట్టు చూసేది.

కంపెనీ సహాయం నంబరుకు ఫోన్ చేస్తే ముందు చాలాసేపు పాట వినిపించేవారు. తరువాత ఒక అమ్మాయి వచ్చేది. రౌటరు ఆపి మళ్ళీ వెయ్యమనేది. వైఫైలో రెండు దారులుంటాయి, మీ ఫోను నెమ్మది దారిలో ఉందో లేదో చూడమనేది. సన్నటి పుల్లతో కెమెరా వెనక చిల్లులో నొక్కమనేది. ఫోనులో వచ్చిన నలుచదరపు గుర్తును కెమెరాకు చూపించమనేది. చంటిపిల్లకు అద్దం చూపించినట్టు అక్క ఫోనును దగ్గరికీ దూరానికీ జరుపుతూ నిలబడేది. చివరికి అనుసంధానం విజయవంతమైందని కెమెరా లోంచి ఒక గొంతు చెప్పేది. ఆ విజయం మర్నాటి మధ్యాహ్నం దాకా నిలిచేది.

"మీ ఇంట్లో ఎవరైనా స్విచ్ ఆపుతున్నారా మేడమ్?" అని ఒకరోజు ఆ అమ్మాయి అడిగింది.

"ఆపితే నాకు కనపడదా తల్లీ? ఎప్పుడు చూసినా వేసే ఉంటోంది," అంది అక్క.

"అయితే ఒకసారి రౌటరు ఆపి మళ్ళీ వెయ్యండి మేడమ్."

తమ్ముడి పద్ధతి వేరు. సెన్సరు కెమెరాతో మాట్లాడుతుంది, కెమెరా రౌటరుతో, రౌటరు కంపెనీతో, కంపెనీ ఫోనుతో అని గొలుసు మొత్తం అప్పజెప్పేవాడు. "ఇందరు మాట్లాడుకుంటున్న ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళే కరువయ్యార్రా," అంది అక్క ఒకసారి. వాడు అది జోకనుకుని నవ్వాడు.

నెలాఖరు ఆదివారం తమ్ముడు వచ్చాడు. రాగానే కెమెరా సరిచేశాడు, తలుపు తెరిచి మూసి చూశాడు, ఫోను ఠంచనుగా మోగింది. అన్నం తిని ఇద్దరూ మేడ ఎక్కారు. కింద వద్దు, అమ్మ వింటుందన్నాడు. విన్నా అర్థమవుతుందా అని అక్క మాత్రం అనలేదు.

"చూశావుగా అక్కా. నా చేతిలో చక్కగా పనిచేస్తోంది."

"అంటే నాకు చేతకాదంటావు."

"నేనలా అన్నానా? నువ్వు అలసిపోయావంటున్నాను. నీ పని నువ్వు చూసుకోవాలి. అమ్మకేమైనా అయితే రేపు నిన్నే అంటారు."

"ఎవరంటారు? అనేవాడివి నువ్వేగా. నువ్వు ఊళ్ళు తిరుగుతూ ఫోనులో అమ్మను చూస్తావు. ఆవిడ బొమ్మ ఆగిపోతే నీకు కోపం. ఒంటికి నీళ్ళు పోసేది నేను, టైలరమ్మనైనా నేనే."

తమ్ముడు తల దించుకున్నాడు. రేపు పొద్దున్నే ఆశ్రమానికి ఫోన్ చేస్తానని నేలను చూస్తూ చెప్పాడు. అక్క కత్తెర తీసి బల్ల మీద పెట్టింది, మళ్ళీ తీసి సొరుగులో పెట్టింది. ఆ రోజు సెలవు కాబట్టి మిషన్ నడవడం లేదు. ఇల్లంతా సద్దుమణిగి ఉంది.

అప్పుడు కింద టక్కుమని చప్పుడైంది. కాస్త ఆగి ఇంకోటి. మరి కాస్త అవతల ఇంకోటి.

తమ్ముడి ఫోను కూసింది. వాడు విసుగ్గా చూసి, మళ్ళీ ఆఫ్‌లైన్, నీ నెట్టు మార్చాలక్కా అన్నాడు.

"నోరు మూసుకుని విను," అంది అక్క.

వంటింట్లో టక్కుమంది. ఆ వరస ఆమె ఒంటికి తెలుసు. ముందుగది, నడవ, పడకగది, చివర వంటిల్లు. ఒకప్పుడు అమ్మ ఇస్త్రీపెట్టె ఆపడం మరిచి మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళింది. బల్ల మీద గుడ్డలు కాలి, పక్కింటివాళ్ళు నీళ్ళు పోసి ఆర్పారు. ఆ రోజు నుంచి ఇంట్లో ప్రతి స్విచ్చూ కట్టేయనిదే అమ్మ గుమ్మం దాటలేదు. తిరిగి రాగానే అదే వరసలో అన్నీ వేసేది. రౌటరు కూర్చున్నది ఆ కాలిన మచ్చ మీదే. ఇన్నాళ్ళూ అమ్మ అన్నీ కట్టేసి, గేటు దాకా వెళ్ళి, తాళం చూసి వెనక్కి వచ్చి, మళ్ళీ అన్నీ వేసి కూర్చుంటోంది. మిషన్ హోరులో అక్కకు వినపడలేదు, అంతే.

"అది చెడిపోలేదురా. అమ్మ బయల్దేరింది. గేటు వేశావా?"

వాడు వెయ్యలేదు.

ఇద్దరూ దిగేసరికి గోడమేకుకు వేలాడే పాత ఇంటితాళం లేదు, ముందు తలుపు బయటినుంచి తాళం వేసి ఉంది. అక్క కిటికీ రెక్క తోసింది. వరండాలో అమ్మ, ఇస్త్రీ నలగని చీరలో, చేతిసంచీతో వంగి, పూలకుండీ ఎత్తి కింద తాళంచెవి పెడుతోంది. నడుము నిలబెట్టి వీళ్ళను చూసింది. ముఖంలో బెరుకు లేదు, గుర్తూ లేదు.

"ఇంట్లో ఉన్నావా టైలరమ్మా, మంచిదైంది. మా పిల్లలు బడి నుంచి వస్తే తాళంచెవి కుండీ కింద ఉందని చెప్పు. పెద్దదానికి తెలుసులే, చిన్నవాడే కంగారు పడతాడు. వాడికి ఆకలెక్కువ. ముందు వాడికి పెట్టి తరువాత దాన్ని తినమను. దానికేమో నేను చెప్పక్కర్లేదు, వాడు తినందే అది ముట్టదు."

తమ్ముడు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిపోయాడు.  గేటు బార్లా తెరిచి ఉంది. దాని అవతల వీధిలో లారీ ఒకటి వెళ్ళింది. అమ్మ సంచీ భుజానికి సర్దుకుంది.

అక్క కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకుంటే అమ్మ కంగారు పడుతుందనుకుంది.

"ఎక్స్ఛేంజి నుంచి ఫోన్ వచ్చిందండీ. ఇవాళ మీకు సెలవంట," అంది.

అమ్మ విసుక్కుంది. "ఆ ముక్క ముందే చెప్పొద్దూ? స్విచ్చులన్నీ కట్టేశానే."

చెవి తీసి, తాళం తెరిచి లోపలికి వచ్చి, ముందుగది నుంచి వరసగా అన్నీ వేసుకుంటూ వెళ్ళింది. రౌటరు దీపాలు వెలిగాయి. కెమెరా ఎర్రకన్ను మిటకరించింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. తమ్ముడు అమ్మ వెనకే నడిచి, చివరి స్విచ్చు దగ్గర ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎవరు బాబూ నువ్వు అని ఆమె అడగనూ లేదు, చెయ్యి విడిపించుకోనూ లేదు.

వెళ్ళేముందు వాడు కెమెరా ఖాతాలోకి అక్క ఫోనును కూడా చేర్చాడు. పరికరం ఆగిపోతే పెద్దగా మోగేలా పెట్టాడు. మోగగానే దిగిరా, సరిచెయ్యడానికి కాదు అన్నాడు. ఆశ్రమం వాళ్ళకు గుమ్మంలో నిలబడే ఫోన్ చేసి, మా అమ్మ రావడం లేదండీ అని చెప్పాడు. ఇన్నాళ్ళూ నిన్ను అన్న మాటలకు, అని మొదలుపెడితే అక్క ఇక చాల్లే, బస్సు వెళ్ళిపోతుందంది. వాడు తన చేత్తోనే గేటు తాళం ఊడదీసి సంచీలో వేసుకుపోయాడు.

ఇప్పుడు మధ్యాహ్నం అక్క పక్కన ఫోను మోగుతుంది. మిషన్ ఆపి దిగుతుంది. గుమ్మం దగ్గర ఇవాళ మీకు సెలవంటండీ అని చెబుతుంది. అమ్మ విసుక్కుంటుంది, లోపలికి వస్తుంది, అన్నీ వేస్తుంది. కెమెరా ఇప్పటికీ ఒక్కోసారి తనంతట తాను కలుసుకోదు. అక్క పుల్లతో నొక్కి, గుర్తు చూపించి, దాన్ని తిట్టుకుంటూ మేడ ఎక్కుతుంది.

పిల్లలిద్దరూ బడి నుంచి ఎప్పుడో వచ్చేశారని అమ్మకు చెప్పడం మాత్రం ఇంకా మిగిలే ఉంది.