డిస్కుకు అంటిన గంధం

మెట్లెక్కి వచ్చిన హేమావతి చేతిలో ఓ కవరు, కవరులో అరచేయంత నల్ల డిస్కు ఉన్నాయి. కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు.

"సార్, మా నాయన ఆరేండ్ల కష్టం దీంట్లో ఉండింది. ఇప్పుడు ఏమీ లేదు. శుక్రవారం లోపల దొరక్కపోతే ఆయన పెంచిన రోజా ఇంకొకరిదైపోతుంది."

అది 2009 నవంబరు. హోసూరు బాగలూరు రోడ్డులో, టైర్ల అంగడి మీది గదిలో వీరాస్వామి అపరాధ పరిశోధన సాగిస్తున్నాడు. ఆయన సహాయకురాలు సింధు. తన గురువుకు గోడ అవతల కూడా కనిపిస్తుందని ఆ పిల్ల నమ్మకం. ఎవరైనా కాదంటే పోట్లాటకు దిగుతుంది.

"కూర్చోండమ్మా. మొదటినుంచీ చెప్పండి," అన్నాడు వీరాస్వామి.

ఉద్దనపల్లి రోజాతోట సుబ్బరాయప్ప ఉగాది వెళ్ళిన వారానికే పోయాడు. రెండు జాతులు కలిపి, లేత నారింజ రంగు రోజాను పుట్టించిన మనిషి. ఏ పువ్వు పుప్పొడి ఏ పువ్వుకు ఎప్పుడు అద్దిందీ ఆయన చెబుతుంటే కూతురు హేమావతి కంప్యూటరులో ఎక్కించేది. ఇంట్లో ఇంటర్నెట్ రౌటరుకు తగిలించిన ఈ డిస్కులోకి రోజూ మధ్యాహ్నం దానంతటదే నకలు చేరేది. దీపావళి తరువాత కంప్యూటరు చెడిపోయింది. నకలు ఉందిలే అని డిస్కు తెరిస్తే, ఖాళీ.

"తోటలో మొక్కలున్నాయి కదా?" అంది సింధు.

"బెంగళూరు నర్సరీ వాళ్ళ దగ్గరా ఉండాయమ్మా. కొమ్మలు ఎట్ల పోయినాయో తెలీదు. ఈ రోజా తమదేనని వాళ్ళు సర్కారుకు అర్జీ పెట్టినారు. మేము అర్జీ ఇచ్చేదానికి శుక్రవారమే గడువు. ఆ రాతలు ఒక్కటే మాకు సాక్ష్యం."

వీరాస్వామి భూతద్దం తీశాడు. డిస్కు తళతళలాడుతోంది. తీగ గుచ్చే రంధ్రం మూల మాత్రం ఎండిన గంధం, దానిమీద ఎర్రటి నలుసు. సింధుకూ చూపించి, కవరులో పెట్టేశాడు.

కంప్యూటర్లు బాగుచేసే మిత్రుడికి డిస్కు చూపించి, మర్నాడు ఇద్దరూ ఉద్దనపల్లి బస్సెక్కారు. రౌటరు హాల్లో, గూట్లో ఉంది. దుమ్ము తప్ప దానిమీద ఏ మరకా లేదు.

"అమ్మా, ఆయుధపూజకు వీటికి బొట్లు పెట్టినారా?" అని హేమావతి తల్లి అంజనమ్మను అడిగాడు వీరాస్వామి.

ఆమెకు కోపం వచ్చింది. "ఏమప్పా అట్లడుగుతావు! మనిషి పోయి ఏడాది తిరగలేదు. పూజలెక్కడివి ఈ ఇంట్లో?"

"ఇక్కడికి బయటివాళ్ళు ఎవరొచ్చారు?"

"ఆ బెంగళూరు నర్సరీ మనిషి శరవణన్ వచ్చినాడు. తోట అమ్మమని. నేను కాఫీ తెచ్చేలోపల ఒక్కడే కూర్చుని ఉండినాడు." హేమావతి పళ్ళు కొరికింది. "వాడే సార్!"

సింధు కూడా వాడేననుకుంది.

అప్పుడే హేమావతి తమ్ముడు శశికుమార్ బైకు దిగాడు. హోసూరు ఫ్యాక్టరీలో కంప్యూటర్ల విభాగం అతనిది. ఇంట్లో డిస్కు అమర్చిందీ అతనే. కంప్యూటరు చెడినప్పుడు అక్క మొదట పిలిచిందీ అతన్నే.

"కరెంటు ఎక్కువ తక్కువైతే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది సార్," అన్నాడు.

"అలాగా. మీ ఆఫీసులో ఆయుధపూజ బాగా చేస్తారటగా?"

"చేస్తారు. నేను మైలలో ఉండాను కదా, లోపలికి పోలా. గేటు బయటే నిలబడినాను."

వీరాస్వామి తల ఊపాడు. గురువారం ఉదయం శరవణన్‌నూ పిలిపించి, అందర్నీ ఆ హాల్లోనే కూర్చోబెట్టాడు.

"ఈ డిస్కులోంచి ఎవరూ ఏదీ తుడవలేదు," అన్నాడు. "మా మిత్రుడు చూశాడు. తుడిస్తే జాడ ఉంటుంది. దీనిమీద ఎన్నడూ ఏదీ రాయనేలేదు. అంటే ఇది ఈ ఇంటి డిస్కు కాదు. అసలుది తీసి, అదే రకం కొత్తది పెట్టారు."

శరవణన్ లేచి నిలబడ్డాడు. "నేను దాన్ని తాకను కూడా తాకలేదు సార్!"

"తెలుసు, కూర్చో. ఈ కొత్తదానికి గంధం, కుంకుమ అంటి ఉన్నాయి. ఈ ఇంట్లో ఈ ఏడు పూజ లేదు. బొట్టు పెట్టింది మరోచోట. అలమరలో ఉన్న కొత్త సామానుకు కూడా బొట్లు పెట్టే చోట. నిన్న మీ ఫ్యాక్టరీ స్టోరుకు వెళ్ళొచ్చాను శశికుమార్. నువ్వు సంతకం పెట్టి తీసుకున్న డిస్కు ఇదే, నంబరుతో సహా. పైన తుడిచావు. పూజకు లోపలికి వెళ్ళి ఉంటే, బొట్టు ఎక్కడెక్కడ పెట్టారో తెలిసి రంధ్రంలో కూడా చూసేవాడివి."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను తండ్రి మైల పట్టించింది. సింధుకు గురువును చూసి గర్వపడాలనిపించలేదు. హేమావతి ముఖం చూడలేక తల దించుకుంది.

"శశీ," అంది హేమావతి. "లేదని చెప్పరా."

శశికుమార్ అక్కవైపు తిరిగాడు. "నాయన ఒక్కనాడన్నా నన్ను తోటలోకి పిలిచినాడా? అంతా నీకే చెప్పినాడు. నర్సరీ వాళ్ళు గ్రీన్‌హౌస్ అంతా నా చేతిలో పెడతామన్నారు. నేను కొడుకునే కదక్కా!"

శరవణన్ చప్పుడు చేయకుండా గుమ్మం వైపు జరిగాడు.

"అసలు డిస్కు ఇంకా నీ దగ్గరే ఉంటుంది," అన్నాడు వీరాస్వామి. "చేతికిస్తే వాళ్ళకు నీతో ఏం పని? ఉద్యోగం కాగితం వచ్చేదాకా ఇవ్వవు."

శశికుమార్ బైకు డబ్బాలోంచి గుడ్డలో చుట్టిన డిస్కు తెచ్చి అక్క ముందు పెట్టాడు. సింధు దాన్ని రౌటరుకు తగిలించి, తాను తెచ్చిన ల్యాప్‌టాప్‌లో తెరిచింది. ఆరేళ్ళ తేదీలు, పూల ఫొటోలు, అన్నీ ఉన్నాయి. ఓ ఫొటోలో భర్త చేయి కనిపించగానే అంజనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చివర నాయన రాయించిన అర్జీ ఉంటుంది, తియ్యమ్మా," అంది హేమావతి. "పువ్వు పేరు దగ్గర ఏముందో వాడికి చూపించు. నువ్వు దీన్ని తెరిచైనా చూడలేదు కదరా?"

అక్కడ రెండక్షరాలున్నాయి. శశి.

"నాయన పెట్టిన పేరు. అర్జీ పెట్టి, అది మంజూరైనాక వాడికి చెబుదాం, సంతోషపడతాడు అన్నాడు. అందుకే నీకు చెప్పలా."

"అక్కా, ఆ పేరు తీసెయ్యి," అన్నాడు శశికుమార్.

"తియ్యను. అది నాయన ఇచ్చింది, తీసేదానికి నేనెవరు?" హేమావతి కళ్ళు తుడుచుకుని ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. "రేపు ఆ పేరుతోనే అర్జీ ఇస్తాను. నువ్వు మాత్రం ఆ తోటలోకి రావద్దు."