కరగని గడ్డ

పదకొండూ యాభైకి నగరంలో ఒక పంపింగ్ స్టేషన్ పేలిపోతుంది. స్టేషన్లు తొమ్మిది. అన్నిటినీ గాలించడానికి బాంబ్ స్క్వాడ్ ఒక్కటే. పేలేది ఏదో తెలిసిన మనిషీ ఒక్కరే: సీక్రెట్ సర్వీస్‌కి కోడ్‌లు విప్పిపెట్టే రిటైర్డ్ లెక్కల టీచరమ్మ.

విదేశీ ముఠా సందేశాన్ని ఆమె తొమ్మిదిన్నరకు, కాగితం మీద ఏమీ రాయకుండా మనసులోనే విప్పింది. "దొరికింది తమ్ముడూ" అంటూ కుర్చీలోంచి లేచి, అలాగే కుప్పకూలింది. మాట పోయింది. కుడిచెయ్యి లేవలేదు. ఎడమచేతికి పెన్ను ఇస్తే గీతలే వచ్చాయి, అంకెలు రాలేదు. ఒకటి నుంచి తొమ్మిది దాకా చదివితే అన్నిటికీ ఒకేలా తలూపింది.

ఆ తమ్ముడు ఏజెంట్ గొడుగు. సేఫ్ హౌస్‌లో ఏడాదిగా ఆమెకు కాపలా. చీఫ్ ఫోన్‌లో ఇచ్చిన బ్రీఫింగ్ చిన్నది: ఆవిడ మాట్లాడాలి, పదకొండున్నర లోపు.

ఆస్పత్రిలో గొడుగు వార్డ్‌బాయ్ వేషంలో తలుపు దగ్గర నిలబడ్డాడు. అతని పెన్ను తూటా పేలుస్తుంది, వాచీ ఫొటోలు తీస్తుంది. మెదడు రక్తనాళంలో ఇరుక్కున్న గింజంత గడ్డను కదిలించేది మాత్రం అతని దగ్గర ఏదీ లేదు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి నలభై నిమిషాలైంది. టీచరమ్మ అతని వంకే చూస్తోంది. ఏదో చెప్పాలని పెదవులు కదుపుతోంది. అతను దుప్పటి సర్దాడు. అంతకన్నా ఏం చేయాలో తెలియలేదు.

పది నలభైకి కారిడార్‌లో హైహీల్స్ చప్పుడు. నీలం కోటు, నల్ల కళ్లద్దాలు. రెండు వైపులా జీతం తీసుకునే డబుల్ ఏజెంట్, డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆమెను చిలక అంటారు.

"కిటికీ తెరవమంటారా?" అంది.

"దుమ్ము వస్తుంది." కోడ్ సరిపోయింది.

ఆ ఇంజెక్షన్ పనిచేయదని ముఠా నవ్వుకుంటోందని చెప్పి, చిలక కోటు లైనింగ్‌లోంచి ఒక కాగితం తీసింది. టీచరమ్మ రక్తం రిపోర్టు, జిరాక్సు.

"ఆవిడకు విషం పెట్టారా?"

"వాళ్లేం చేయలేదు బాబూ. ఈ కాగితం మీరు దాచారు, వాళ్లు ల్యాబ్‌లో కొనుక్కున్నారు. డాక్టరుకే దొరకలేదు."

గొడుగు కాగితం అందుకున్నాడు. డిపార్ట్‌మెంట్ రూల్ ప్రకారం కాపలాలో ఉన్నవాళ్ల ఫైలును మూడు ముక్కలు చేసి మూడు బీరువాల్లో పెట్టాలి, చదవకూడదు. రెండు వారాల కింద ఆ రిపోర్టును ఫైలు నుంచి కత్తిరించింది అతనే. చదవకుండానే సంతకం పెట్టాడు. ఆస్పత్రికి మారుపేరుతో ఖాళీ ఫైలు తెచ్చిందీ అతనే.

అసలు రిపోర్టు కోసం చీఫ్‌కి ఫోన్ చేశాడు. బీరువా తెరవాలంటే రెండు సంతకాలు కావాలట, రెండో ఆయన సెలవులో ఉన్నాడట. ఆవిడ అసలు పేరు మాత్రం బయటికి రాకూడదట.

డాక్టరు కాగితం చూసి తలెత్తాడు. "ఇందులో పేరు వేరే ఉందే. ఇది ఆవిడదేనా?"

గొడుగు టీచరమ్మ అసలు పేరు చెప్పాడు. పదిహేనేళ్ల సర్వీసులో మొదటిసారి.

ఆమెకున్నది ఆటోఇమ్యూన్ జబ్బు అని డాక్టరు చెప్పాడు. రక్తంలో కాపలా కాయాల్సిన యాంటీబాడీలు కొన్ని గడ్డ కరిగించే ప్రోటీన్నే శత్రువనుకుని పట్టేస్తాయి. ఇంజెక్షన్‌లో ఉన్నదీ అదే ప్రోటీన్. "కంచే చేను మేస్తోంది. ఇక వైరు పంపి గడ్డను లాగడమే. రక్తస్రావం భయం ఉంది. సంతకం ఎవరు పెడతారు?"

"నేను." ఈసారి ప్రతి లైనూ చదివి పెట్టాడు.

అద్దం అవతల తొడ దగ్గర నుంచి సన్నని వైరు పైకి వెళ్తోంది. ఇవతల అతను, చిలక. పదకొండుంపావు. పదకొండున్నర. చిలక కళ్లద్దాలు తీసేసింది.

పదకొండూ ముప్పై ఎనిమిదికి టీచరమ్మ నాలుక తిరిగింది. "ఆరు," అంది. గొడుగు మళ్లీ అడిగాడు. ఆమె విసుక్కుంది. "ఒకసారి చెబితే అర్థం కాదా? ఆరో నంబరు."

పదకొండూ నలభై తొమ్మిదికి ఆరో స్టేషన్‌లో బాంబు వైరు తెగింది.

సాయంత్రానికి ముఠాలో ఏడుగురూ దొరికారు. గొడుగు వచ్చి ఆ సంగతి చెప్పాడు. టీచరమ్మ బలహీనంగా నవ్వి, సూది గుచ్చిన చేతిని చూపించింది.

"మరి ఇందులోవాళ్లో, తమ్ముడూ?"

ఆ యాంటీబాడీలు పోవని, రోజూ మాత్రలు వేసి కనిపెట్టుకుని ఉండడమేనని డాక్టరు అప్పటికే చెప్పాడు. గొడుగు జేబులో బేడీలు ఉన్నాయి. అంత చిన్న సైజువి మాత్రం డిపార్ట్‌మెంట్ ఇవ్వలేదు.