నీలం రాని పిండి

ప్రాక్టికల్ పరీక్ష మొదలై పావుగంట కాలేదు, బయోకెమిస్ట్రీ లెక్చరర్ పరువు పోయింది.

నాలుగు సీసాలు: పిండి, చక్కెర, ప్రోటీన్, నూనె. ఏది ఏదో పిల్లలు తేల్చాలి. పిండి ఉన్న సీసాలో అయోడిన్ చుక్క పడగానే నీలం రావాలి. ఎంతకీ రాలేదు.

"పిండికి బదులు చక్కెర నీళ్లు తయారుచేశారా?" అంటూ కొత్త ల్యాబ్ అసిస్టెంట్ మీద విరుచుకుపడ్డాడు. మూడు నెలలుగా ఆమెతో మాట కలపడానికి సాకు వెతుకుతున్న మనిషికి చివరికి దొరికింది ఇది.

"పొద్దున నేనే ఉడికించాను సార్. అప్పుడు నీలం వచ్చింది."

"మరి ఇప్పుడేమైంది? ఎవరైనా తాగేశారా?"

"నేనైతే తాగలేదు."

పిల్లలు కిసుక్కున నవ్వారు. అప్పుడే లోపలికొచ్చిన ప్రిన్సిపాల్ మాత్రం నవ్వలేదు. "తప్పెవరిదో సాయంత్రంలోగా రాసివ్వండి. ఆ అమ్మాయిని ఉంచాలో పంపాలో చూస్తాను" అన్నారు.

మధ్యాహ్నం ఖాళీ ల్యాబ్‌లో ద్రవాన్ని పీల్చి కొలిచే గాజు గొట్టం, పిపెట్, చూడగానే లెక్చరర్‌కి అసలు సంగతి తట్టింది. పొద్దున ఆ పిండి నీళ్లను సీసాలోకి కొలిచి పోసింది తనే. పక్కనే రబ్బరు బల్బు ఉన్నా, పదేళ్ల అనుభవం కదా, నోటితోనే పీల్చాడు. ఉమ్మి కలిసింది. ఉమ్మి పిండిని చక్కెరగా మార్చేస్తుందని నిన్ననే గంటసేపు పాఠం చెప్పిన మహానుభావుడు!

నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, ఆమె ఉద్యోగం పోతుంది. ఆమె కనబడని ల్యాబ్‌ను తలుచుకుంటేనే దిగులేసింది. 'తప్పు నాదే, నా ఉమ్మి పడింది' అని రాసి, ముందు ఆమెకే చూపించాడు.

"లాలాజలం అని రాయండి సార్, కాస్త గౌరవంగా ఉంటుంది."

"గౌరవానికేం గానీ, పొద్దున అరిచినందుకు క్షమించండి. అసలు నేను చెప్పాలనుకున్నది వేరు. మీరంటే నాకు..."

"తెలుసు."

"ఎలా?"

"రోజుకు నాలుగుసార్లు ల్యాబ్‌కొచ్చి, గోడమీద చార్టు చదివి వెళ్లిపోయే లెక్చరర్‌ని ఎక్కడైనా చూశారా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మరి మీరేమంటారు?"

"నోరున్నది పీల్చడానికి కాదు, మాట్లాడటానికి. ఆదివారం మా ఇంటికొచ్చి అమ్మానాన్నలతో మాట్లాడండి. ముందు ఆ కాగితం ఇచ్చి రండి."

అతను ప్రిన్సిపాల్ గదిలోంచి బయటికొచ్చేసరికి కాలేజీ అంతా అతని ఉమ్మి గురించే చెప్పుకుంటోంది. అతనికి మాత్రం ఆదివారం తప్ప ఇంకేమీ వినపడలేదు.