రాసిన అడుగులు

ఆదివారం పూట ఎముకల ఆసుపత్రిలో ఒక రకమైన బద్ధకం ఉంటుంది. పెద్ద డాక్టర్లు రారు. ఆపరేషన్లు ఉండవు. చూడ్డానికొచ్చిన చుట్టాలు రోగి మంచం మీదే సర్దుకుని కూర్చుని, రోగి కోసం తెచ్చిన పళ్ళు తామే తినేసి, "నువ్వు బాగా చిక్కిపోయావు" అని చెప్పి వెళ్తుంటారు. స్పిరిట్ వాసనా, మందుల కట్ల వాసనా, ఎవరో ఒలిచిన నారింజ తొక్కల వాసనా కలిసి వార్డంతా మెల్లగా తిరుగుతుంటాయి.

ఆ ఆసుపత్రిలో ఆమెను అందరూ నడక మేడమ్ అనేవాళ్ళు. ఫిజియోథెరపిస్టు అనడానికి నోరు తిరగక కొందరు, తిరిగినా ప్రేమకొద్దీ కొందరు. మోకాలు మార్పించుకున్నవాళ్ళని, తుంటి విరిగినవాళ్ళని, తొడలో రాడ్డు వేయించుకున్నవాళ్ళని మంచం దించి మళ్ళీ నడిపించడం ఆమె పని. వయసు ఇరవై ఆరు. అనుభవం రెండేళ్ళు. నోటికి మాత్రం ముప్పై ఏళ్ళ సర్వీసు.

ఆ నోరు ఆ రోజు మధ్యాహ్నం ఓడిపోయింది.

ప్రతి మంచం కాళ్ళవైపు ఒక షీటు వేలాడుతుంటుంది. ఎన్నింటికి నడిపించారు, ఎన్ని అడుగులు, నొప్పి ఎంత, అన్నీ అందులో రాయాలి. మర్నాడు తనిఖీ ఉందనీ, రెండింటికల్లా షీట్లన్నీ నిండిపోవాలనీ వాళ్ళ డిపార్ట్‌మెంట్ హెడ్ ఫోన్ చేశాడు.

"సాయంత్రం నడిపించాల్సినవాళ్ళ షీట్లు మధ్యాహ్నమే ఎలా నిండుతాయి సార్?"

"ఎలాగూ నడిపిస్తావు కదమ్మా! ముందు రాసెయ్, తర్వాత నడిపించు. కొంపలేం మునిగిపోవు."

డ్యూటీలో ఉన్నది తనొక్కతే. ఎనిమిది మంది రోగులు. రెండు నిమిషాలు గట్టిగానే వాదించింది. తర్వాత పళ్ళు నూరుకుంటూ, ఎనిమిది షీట్లూ ఒక్కచోట పేర్చుకుని, ఒకే వాక్యం ఎనిమిదిసార్లు గీకేసింది. "పట్టుకుని ఇరవై అడుగులు నడిపించడమైనది." కింద సమయాలు. నాలుగున్నర, నాలుగూ నలభై... అలా చివరిదాకా. షీట్లు తీసుకెళ్ళి ఎవరి మంచానికి వాళ్ళది తగిలించమని సిస్టర్‌కి ఇచ్చేసింది.

తర్వాత ఐసీయూలో కఫం పట్టేసిన ముసలాయన దగ్గర ఇరుక్కుపోయింది. బయటపడేసరికి ఐదూ ఇరవై. ఆకాశం నల్లగా దిగిపోయి ఉంది. రెండో అంతస్తులో మొదటి మంచం రిటైరైన పెద్ద పంతులమ్మది. రెండు మోకాళ్ళూ కొత్తవి.

"లేద్దామా అమ్మమ్మా?"

పంతులమ్మ కళ్ళద్దాలు దించి చూసింది. "ఏమ్మాయ్, నన్ను చంపేద్దామనా? ఇందాకే కదా ఇరవై అడుగులు వేయించి పడుకోబెట్టావు!"

"నేనా? కలగన్నారేమో!"

"కలలో మోకాలు ఇంత సలపదు. నాలుగున్నరకి వచ్చావు. నలభై ఏళ్ళు బడిగంట కొట్టించినదాన్ని, టైము దగ్గర నాతో పెట్టుకోకు."

నొప్పి మందుల మత్తు అనుకుంది నడక మేడమ్. నవ్వేసి పక్క మంచానికి జరిగింది. అక్కడ తొడ విరిగిన బస్సు డ్రైవరు.

"మళ్ళీ వచ్చారా మేడమ్? కోపం తగ్గిందా?"

"నాకేం కోపం?"

"ఏమో మరి! ఇందాక నడిపిస్తున్నంతసేపూ మూడు జోకులేశాను, ఒక్కదానికీ నవ్వలేదు. నోట్లో నోట్లోనే అంకెలు లెక్కపెట్టుకోవడమే. మా ఆవిడైనా నయం, కనీసం తిడుతుంది."

"ఎన్నింటికి?"

"నాలుగూ నలభై. మా ఆవిడ అప్పుడే ఫోన్ చేసింది. మేడమ్‌తో నడుస్తున్నా అని పెట్టేశా. దానికి ఇంటికెళ్ళాక వేరే జవాబు చెప్పుకోవాలి."

ఆమె నవ్వలేదు. డ్రైవరు వాకర్ వైపు చూసింది. పొద్దున తాను గోడకు ఆనించి పెట్టింది. ఇప్పుడు మంచానికి అటుపక్క ఉంది.

మూడో మంచం. "ఇప్పుడే కదా మేడమ్!"

నాలుగో మంచం. "ఇంకోసారా?"

ఐదో మంచం మనిషి ఇంకా ఆయాసపడుతూనే ఉన్నాడు. నుదుటి మీద చెమట ఆరలేదు.

ఎవరైనా తోటి ఉద్యోగి వచ్చాడా? ఆటపట్టిస్తున్నారా? "ఎవరు నడిపించారు?" అని అడిగితే ఐదుగురూ ఒకటే మాట. మీరే. ఇదే నీలం యూనిఫాం. ఇదే జడ.

షీట్లు చూసింది. ఎవరు ఏ సమయం చెప్పారో అదే సమయం ఉంది. తన చేతిరాతలో.

అప్పుడు గుర్తొచ్చింది ఎనిమిదో షీటు.

వెన్నులోంచి చన్నీళ్ళు దిగినట్టయింది. ఎనిమిదో రోగి ఐదో అంతస్తులో, చివరి గదిలో ఉంది. పదిహేడేళ్ళ పిల్ల. మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తూ కిందికి పడిపోయింది. వెన్నుపూస విరిగి, ఆ ముక్క నరానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. రేపు పొద్దున ఆపరేషన్. అంతవరకూ ఆ పిల్లని పక్కకు తిప్పాలన్నా నలుగురు కలిసి దుంగను దొర్లించినట్టు తిప్పాలి. మంచం మీదే ఊపిరి కసరత్తులు చేయించాలి, అంతే. నిలబెట్టారంటే... ఆ పిల్ల జన్మలో మళ్ళీ నిలబడదు.

మరి ఆ షీటులో తనేం రాసింది?

కళ్ళు మూసుకుంది. ఆరో షీటు, ఏడో షీటు. విసురుగా జారిపోతున్న చెయ్యి. ఎనిమిదో షీటు. అదే వాక్యం. ఇరవై అడుగులు. ఐదూ నలభై.

ఫోన్ చూసుకుంది. ఐదూ ముప్పై ఆరు.

ఐదో అంతస్తు సిస్టర్‌కి ఫోన్ కొట్టింది. "సిస్టర్, చివరి గదిలో పిల్లని ఎవరూ మంచం దించకూడదు! ఎవరినీ లోపలికి పంపకండి!"

"అదేంటి మేడమ్," అంది సిస్టర్ ఆవలిస్తూ. "ఇప్పుడే కదా నా ముందు నుంచి వెళ్ళి తలుపేసుకున్నారు..."

అవతల కుర్చీ కిర్రుమంది.

"మేడమ్... మీరు ఎక్కడినుంచి మాట్లాడుతున్నారు?"

కరెంటు పోయింది. ఫోన్ తెగింది. లిఫ్టు గుర్తు మీద ఎర్రదీపం ఆరిపోయింది.

పరిగెత్తింది. మెట్ల దగ్గర ఫినాయిల్ ఘాటు. కిటికీల అవతల వాన మొదలైంది. మూడో అంతస్తు. రెయిలింగు తడిగా ఉంది. నాలుగో అంతస్తు. మోకాలు గోడకు కొట్టుకుంది, నొప్పి తెలియలేదు. ఐదో అంతస్తు. సిస్టర్ టార్చి కోసం సొరుగులు తడుముతోంది. ఆమెను చూసి, చివరి గది వైపు చూసి, మళ్ళీ ఆమెను చూసి, టార్చి సంగతి మర్చిపోయింది.

గది బయట కుర్చీలో పిల్ల తల్లి కూర్చుని ఉంది. ఒళ్ళో ఫ్లాస్కు.

"మీరు..." అని లేచింది. "మీరే కదండీ చెయ్యి చూపించి నన్ను బయటికి పొమ్మన్నారు! మరి మీరు ఇటునుంచి..."

"నేను కాదమ్మా! అది నేను కాదు!"

తలుపు తోసింది. కదల్లేదు. ఆ గదికి లోపల గడియే లేదు. రోగుల గదులకు పెట్టరు. అయినా కదల్లేదు.

లోపలినుంచి మాట వినిపించింది.

"పదకొండు..."

మెత్తగా ఒక అడుగు.

"పన్నెండు..."

అది తన గొంతే. రోజూ వంద సార్లు రోగుల పక్కన నిలబడి లెక్కపెట్టే గొంతు. అదే లాలింపు, చివర అదే చిన్న సాగదీత.

"పదమూడు..."

భుజంతో గుద్దింది. తల్లి కూడా వచ్చి పడింది. ఇద్దరూ కలిసి గుద్దారు. "చిట్టీ! చిట్టీ!" అని తల్లి. లోపలినుంచి పిల్ల అరుపు లేదు, ఏడుపు లేదు. అంకెలే.

"పదహారు... పదిహేడు..."

ఏం చేయాలి? రాసింది జరుగుతోంది. రాసింది రాసినట్టే జరుగుతోంది...

"అబద్ధం!" అని అరిచింది నడక మేడమ్. "నేను రాసింది అబద్ధం! ఈ పిల్లని నడిపించలేదు, నడిపించకూడదు! ఎనిమిది మందికీ నడిపించకుండానే రాసేశాను! ఆ రాతలు తప్పు! తప్పు నాది!"

"పద్దెనిమిది..."

"తప్పు నాది!"

"పంతొమ్మిది."

ఆగింది.

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. తలుపు దానంతట అదే, గాలికి తెరుచుకున్నంత తేలికగా తెరుచుకుంది.

గదిలో ఎవరూ లేరు. పిల్ల మంచం మీద వెల్లకిలా, పొద్దున పడుకోబెట్టినట్టే ఉంది. రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టినచోటే ఉన్నాయి. దుప్పటి మడత చెదరలేదు. కళ్ళు మాత్రం పెద్దవి చేసుకుని పైకప్పు చూస్తోంది.

ఆమె మంచం పక్కకు వెళ్ళి, దుప్పటి ఎత్తింది. "చిట్టీ, బొటనవేళ్ళు ఆడించమ్మా."

ఒక వేలు కదిలింది. తర్వాత రెండోది.

నడక మేడమ్ ఊపిరి వదిలింది. ఆ ఊపిరి ఏడుపులా వచ్చింది. షీటు లాగి, జేబులోంచి పెన్ను తీసి, కాగితం చిరిగేంత గట్టిగా ఆ వాక్యాన్ని కొట్టేసింది. పక్కన "రాసినది తప్పు" అని రాసి సంతకం పెట్టింది.

తల్లి ఆ కొట్టివేత కింది అక్షరాలు చదివింది. ఇంతవరకూ "మీరు" అన్న మనిషి ఇప్పుడు మన్నన వదిలేసింది. "నా పిల్లని నడిపించినట్టు రాశావా నువ్వు?" అంది.

"రాశానమ్మా."

"దాని నడుం విరిగుందని తెలిసే రాశావా?"

"చూసుకోలేదు. చూసుకోకుండా రాశాను. పెద్ద డాక్టరుకి నేనే చెప్తాను. నా ఉద్యోగం పోతే పోనీ."

తల్లి పిల్ల వైపు చూసింది. ఫ్లాస్కు గుండెలకు హత్తుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మేడమ్," అని గుసగుసలాడింది పిల్ల. "ఆవిడ వెళ్ళిపోయిందా?"

"ఎవరూ లేరమ్మా. భయపడకు. నిన్ను ముట్టుకుందా?"

"లేదు. నువ్వు లేవకూడదులే, నీ బదులు నేను వేస్తాను అంది. మంచం చుట్టూ తిరిగింది. తిరిగినకొద్దీ దగ్గరగా జరిగింది."

"తర్వాత?"

"మీరు బయట అరిచారు కదా. అది విని... నవ్వింది."

"ఎక్కడ... ఆగింది?"

పిల్ల మెడ తిప్పలేదు. కళ్ళు మాత్రం మెల్లగా పక్కకు తిప్పి, నడక మేడమ్ పాదాలు ఉన్న చోటును చూసింది.

"అక్కడే. ఇరవయ్యోది రాసినావిడతో కలిసి వేస్తానంది."

ఆమె వెనక్కి జరగబోయింది.

నడుం వెనక, కాస్త ఎడమగా, నిలబడలేని మనిషిని పట్టుకోవాల్సిన సరిగ్గా ఆ చోట, ఒక అరచెయ్యి ఆనింది. తెలిసిన చెయ్యి. ఎంత బలంతో పట్టాలో బాగా నేర్చిన చెయ్యి.

"నేనున్నాగా," అంది తన గొంతే, చెవి పక్కన, ఎంతో ఓపికగా. "పడనివ్వను."

ఆమె కుడికాలు నేల మీదనుంచి లేచింది.