అల్లుడు చెప్పని మాట

“వద్దత్తా! ఇక నావల్ల కాదు...”

కళ అన్నం పళ్లేన్ని చేత్తో పక్కకు నెట్టేసింది. నేతిలో తడిసిన అన్నం గచ్చు మీద చెల్లాచెదురుగా పడింది. అత్తగారు అప్పలకొండమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

“నా సేతి కూడు నీకు సేదైపోనాదేటే కళా! ఆర్నెల్ల పిల్లకి పాలిచ్చీదానివి... నేల మీద కాలెట్టనీకుండా సూసుకుంటంటే పళ్లెం తోసేస్తావా! కడుపు నిండా తిండి లేకే కదే నా వాసవి సచ్చిపోనాది!”

దీవి మీదున్న గరాచర్మ ఊళ్లోని ఆ ఇంట్లో వాసవి పేరు వస్తే ఇక ఎవరికీ నోరు పెగలదు. వాసవి అప్పలకొండమ్మకు ఒక్కగానొక్క కూతురు. రెండు కాన్పుల్లోనూ బీపీ పెరిగి చావు దాకా వెళ్లి వచ్చింది. దక్కిన కూతుర్ని ఆ తల్లి రెండుసార్లూ మూడేసి నెలలు మంచం దిగనివ్వకుండా సాకింది. నెయ్యీ, సున్నుండలూ, మాంసం కూరలూ! కూతురు ఒళ్లు చేస్తుంటే చూసి మురిసిపోయింది. కానీ రెండో పిల్లకు ఏడాది నిండీ నిండకుండానే, చాతం జెట్టీలో, తను కాపురముండే బంబూఫ్లాట్‌కు వెళ్లే ఫెర్రీ ఎక్కబోతూ వాసవి గుండె పట్టుకుని కూలిపోయింది. ముప్పై మూడేళ్లకే! అల్లుడు దేవేంద్ర వాసవికి అన్నం తగ్గించాడనీ, సాయంత్రమయ్యేసరికి రోడ్ల వెంట నడిపించేవాడనీ ఆవిడకు తెలుసు. తిండి పెట్టక, తిప్పి తిప్పి చంపేశాడని శవం ముందే దుమ్మెత్తిపోసింది. దేవేంద్ర తల వంచుకుని విన్నాడు తప్ప ఒక్క మాట అనలేదు. మూడేళ్లు గడిచినా ఆవిడ ఆ గడప తొక్కలేదు. ఇద్దరు మనవరాళ్ల ముఖమైనా చూడలేదు!

ఇప్పుడా ప్రేమంతా కోడలి మీదే... కళకూ ఎనిమిదో నెలలో బీపీ పెరిగింది. కాన్పయిన కొత్తలోనే ఆరోగ్య కేంద్రంలో సారా సిస్టర్ హెచ్చరించింది, ఒళ్లు పెరగనివ్వొద్దని. ఆ మాట ఇంట్లో ఎలా చెబుతుంది! భర్త యుగంధర్ ఫీనిక్స్ బే నుంచి దీవులకు తిరిగే బోటులో పనిచేస్తాడు. వారంలో నాలుగు రోజులు సముద్రం మీదే. ఇంట్లో ఉన్న రోజున, “అమ్మ మనసు కష్టపెట్టకే, థోడా తినేయ్” అనేవాడు. కన్నీళ్లు మింగుతూ కళ తినేది. ఆరు నెలలు తిరిగేసరికి పద్నాలుగు కిలోలు పెరిగింది.

“అత్తా...” అంది కళ. “పొద్దున బట్టలు ఆరేద్దామని మేడెక్కితే ఊపిరందలేదు. గుండె మీద బండ పెట్టినట్టయింది. నాకు భయమేస్తోంది... నా పిల్ల కూడా తల్లి లేనిదైపోతుందేమోనని...”

అప్పలకొండమ్మ గరిటె అక్కడే పడేసింది. పాపను చంకనేసుకుని ఆటో కోసం వీధిలోకి పరుగెత్తింది.

ఆరోగ్య కేంద్రంలో బీపీ చూశారు. చాలా ఎక్కువగా ఉంది! ఇ.సి.జి. తీశాక డాక్టరమ్మ, గుండెకు ఇంకా ముప్పు రాలేదు కానీ మాత్ర మొదలుపెట్టాలంది. సారా సిస్టర్ అప్పలకొండమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది.

“చూడమ్మా, కడుపుతో ఉన్నప్పుడు బీపీ వస్తే కాన్పుతోనే బాత్ ఖతం అనుకోకూడదు. తర్వాత గుండె జబ్బు వచ్చే భయం వీళ్లకి జ్యాదా. పైన బరువు కూడా పెరిగితే ఇంకా కష్టం. పాలిచ్చే తల్లిని పస్తు పెట్టొద్దు. పప్పు, ఆకుకూర, చేప బాగా పెట్టు. అన్నం, నెయ్యి, తీపి తగ్గించు. డాక్టరమ్మ సరే అన్నాక రోజూ సాయంత్రం అరగంట నడిపించు.”

అప్పలకొండమ్మ ముఖం పాలిపోయింది.

“సిస్టరూ... అన్నం తగ్గించడం, సాయంత్రం నడిపించడం... ఇది బతికించడానికేనా?”

“మరి దేనికనుకున్నావమ్మా?”

ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుని బావురుమంది. “ఒలే కళా! మా అల్లుడు సేసింది ఇదేనే! నాను... ఆడికి తెలీకుండా తినమ్మా అని డబ్బాల కొద్దీ సున్నుండలు అంపించినానే! నాలాటి తల్లి ఉంటాదేటే!”

కళ ఆవిడ తలను గుండెలకు హత్తుకుంది.

ఆ మర్నాటి నుంచి వంటింటి తీరు మారిపోయింది. డాక్టరమ్మ నడవొచ్చు అన్న రోజున అప్పలకొండమ్మ పాపనెత్తుకుని కోడలి వెంట తనూ బయల్దేరింది. మోకాళ్లు నొప్పెట్టినా ఆగేది కాదు. మూడు నెలలకు కళ అయిదు కిలోలు తగ్గింది. బీపీ అదుపులోకి వచ్చింది. ఆ సాయంత్రం యుగంధర్ బోటు దిగి ఇంటికి రాగానే ఆవిడ అడిగింది, “నన్నోపాలి బంబూఫ్లాట్ తీసుకెల్లరా నాయనా...”

ఆదివారం ఫెర్రీలో ముగ్గురూ పాపతో వెళ్లారు. తలుపు తీసిన దేవేంద్ర అత్తగారిని చూసి నిలువునా కొయ్యబారిపోయాడు. కాళ్ల మీద పడబోయిన ఆవిడను గభాలున పట్టుకున్నాడు.

“ఎందుకు సెప్పలేదు బాబూ! అన్నన్ని మాటలన్నానే... నువ్వెట్టిన తిండే దాని పేణం తీసిందని నా మొకాన సెప్పకపోనావా!”

“అలా అనకండి అత్తా! ఒక్క తిండితోనే పోయిందని ఏ డాక్టరూ చెప్పలేదు. బీపీ కూడా ఉంది కదా...” దేవేంద్ర ఆవిడను లోపలికి నడిపించాడు. “మీరు నన్ను తిట్టుకుంటూ అయినా బతుకుతారనుకున్నాను. మిమ్మల్ని మీరే తిట్టుకోవడం మొదలెడితే బతకరని... అందుకే ఊరుకున్నాను.”

యుగంధర్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కళ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతుర్ని పోగొట్టుకున్న తల్లీ, భార్యను పోగొట్టుకున్న భర్తా మూడేళ్ల తర్వాత మొదటిసారి కలిసి ఏడ్చారు!

పదేళ్ల పెద్ద మనవరాలు అమ్మమ్మను గుర్తుపట్టి వచ్చి పక్కన ఒదిగింది. నాలుగేళ్ల చిన్నది మాత్రం తండ్రి కాళ్ల వెనుక నక్కి తొంగి చూస్తోంది. కూతురి కళ్లే... కూతురి గడ్డమే! అప్పలకొండమ్మ రెండు చేతులూ చాచింది. పిల్ల బెదిరి తండ్రి లుంగీ గట్టిగా పట్టుకుంది.

“నాన్నా, యే కౌన్ హై?”

దేవేంద్ర వంగి పిల్ల తల నిమిరాడు.

“మీ అమ్మకి అమ్మ, తల్లీ...”

పిల్ల నమ్మలేనట్టు ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత అడిగింది.

“మరి అమ్మేదీ?”

అప్పలకొండమ్మ చాచిన చేతులు అలాగే ఉన్నాయి.