సాలమ్మ దిగుడు కాడ ఆగే బస్సు

చేతిల నాలుగు వేల రెండు వందలు, పెట్టెల పద్నాలుగు పానాలు. గంతే నా పెట్టుబడి. చిట్యాలల బస్సుల రిపేరు మొదలువెట్టి నెల గూడ కాలేదు... మొదటి గిరాకీగా దెయ్యమొచ్చింది.

కేతేపల్లి అవతల గుట్ట మీంచి దిగే రోడ్డుంది. సాలమ్మ దిగుడు అంటరు. చీకటి పడితే ఆ తొవ్వల మేకల మందను గూడ తోలరు. ఎన్నడో ఒక డ్రైవరు డీజిలు మిగులుతదని గేరు తీసి బస్సును దొర్లిస్తున్నడట. రోడ్డు పక్క నిలబడి సాలమ్మ అనే ఆమె ఎక్కుతానని చెయ్యెత్తింది. వాడు చూసి గూడ ఆపలేదట... తెల్లారి ఆమె చెప్పులొక్కటే దొరికినయట. అప్పటిసంది, ఆగని బస్సును ఆమెనే ఆపుతదంటరు.

మా ఊళ్లె మూడు బస్సుల ఓనరు నిర్మలమ్మ. ఆమె పాత పెండ్లిబస్సునైతే సాలమ్మ పోయినప్పుడల్లా ఆపుతాంది. సగం దిగుడు దాటంగనే బస్సు "హూఁ..." అని మూలుగుతది. ఎవరో వెనుకనుంచి గుంజినట్టు నెమ్మదైతది. ఆఖరికి ఇంజనే ఆగిపోతది.

"సాలమ్మను వదిలిస్తే నా మూడు బండ్ల పని నీదే గిరీ," అన్నది నిర్మలమ్మ. "లేకుంటే సోమారం బండి తుక్కుకు, గురవయ్య ఇంటికి."

గురవయ్య ఆ బండికి ఇరవై రెండేండ్లసంది డ్రైవరు. తల వంచుకొని స్టీరింగు తుడుస్తున్నడు.

నా అనుమానం ఇంజన్ బ్రేకు మీద. బటన్ తొక్కితే అది పొగగొట్టాన్ని మూస్తది, బండి నెమ్మదైతది. మూసేది గాలి. ఆ గాలిని వదిలేది సోలనాయిడ్—కరెంటు తగిలితే టిక్కుమని తెరుచుకునే పిడికెడంత డబ్బ. అది పాడైందనుకొని మూడు వేల ఆరు వందలకు కొత్తది తెచ్చి బిగించిన. చేతిల ఆరు వందలు మిగిలినయ్.

ఆ రాత్రి పెండ్లోళ్లను దింపి, ఖాళీ బస్సుల గురవయ్య, నేను ఇద్దరమే తిరిగొస్తున్నం. దిగుడు మొదలైంది.

"కాకా, ఇంజన్ బ్రేకు తొక్కకు."

"తొక్కుతలేనురా..." గుసగుసగా అన్నడు.

టిక్.

"హూఁ..."

ఇంజన్ ఆగింది. నా మూడు వేల ఆరు వందలతో సహా.

టైర్ల కింద రాళ్లు వెట్టి, టార్చిలైటు పట్టుకొని బస్సు కిందికి దూరిన. ఇంజన్ వెనుక—

చిన్న చిన్న తలకాయలు. నల్లగ, ముడతలు పడి... వరుసగ వేలాడుతున్నయ్. జర జర ఊగుతున్నయ్.

ఉలిక్కిపడి నెత్తి బస్సుకు గుద్దుకున్న. భయమైతే లెక్కవెట్టుడు నాకలవాటు. లెక్కవెట్టిన. పదకొండు. జర దగ్గరికి జరిగిన... పుల్లటి వాసన.

"కాకా! గీ నిమ్మకాయలేంది?"

"సాలమ్మ పట్టకుంట కట్టినరా. ముందల కడితే పోరగాండ్లు పీకుతున్నరని లోపల కట్టిన. ఆమె సతాయించినప్పుడల్లా ఇంకొకటి పెంచిన."

కట్టింది ఇనుపతీగతోటి. అది పక్కనున్న రెండు వైర్ల మీది రబ్బరును కోసేసింది. బస్సు ముందుకు వాలితే కాయల బరువుకు తీగ జరిగి, రెండు వైర్లను కలుపుతాంది. ఎవరూ బటన్ తొక్కకున్నా సోలనాయిడ్‌కు కరెంటు పోతాంది.

"ఒక్క కాయ ఉన్నప్పుడు ఏమైంది కాకా?"

"జర దగ్గిందిరా."

"ఐదున్నప్పుడు?"

"మూలిగింది."

"పదకొండుకు?"

గురవయ్య కాయల దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "నిర్మలమ్మకు చెప్పకురా బిడ్డా."

తీగ కత్తిరించి, వైర్లకు టేపు చుట్టిన. కింద బస్సు తిప్పుకొని, మళ్ల గుట్టెక్కి, మళ్ల దిగుడు పట్టినం. టిక్కు లేదు, మూలుగు లేదు. పెరుగన్నం మింగినంత మెత్తగ దిగుతాంది. గురవయ్య ఈల వేస్తున్నడు. మూడు బండ్లు, ఒక్కో బండికి నెలకు రెండు సర్వీసులు... నేను లెక్కలల్ల ఉన్న.

సగం దిగుడుల—

టింగ్.

వెనుక గంట. ఒక్కసారే. బండి ఆపమన్నట్టు.

ఈల ఆగింది.

"గంట తాడుకు గూడ... గసొంటి డబ్బ ఉంటదారా?"

"ఉండది కాకా. ఎవరన్న చేత్తోటి గుంజాల్సిందే."

అద్దంల చూసే ధైర్యం ఇద్దరికీ లేదు.

"లోపలినుంచి కొట్టిండ్రంటే..." గురవయ్య బ్రేకు మీదికి కాలు జరిపిండు. "ఎక్కేటోళ్లు కాదురా. దిగేటోళ్లు. ఆపాల్నా?"

ఎన్నడో ఆపనోని సంగతి ఇద్దరికీ ఎరుకే.

"ఆపు కాకా," అన్న.

బస్సు ఆగింది. నేను లేచి, తలుపు గొళ్లెం మీద చెయ్యి వెట్టిన.